పాటకు వాటా

సినిమా పాట ఒక్కటే అయినా, దానిలో హక్కులు మూడు. సాహిత్యం మీద ఒకటి, బాణీ మీద ఒకటి, రికార్డింగు మీద ఒకటి. ఆ పాటను రేడియోలోనో హోటల్లోనో వాడుకున్నప్పుడు హక్కుదారులకు చెల్లించే సొమ్మే రాయల్టీ. మన దేశంలో అది రాసినవారి, బాణీ కట్టినవారి చేతికి అందడానికి దశాబ్దాలు పట్టింది.

టాకీల తొలినాళ్ల నుంచి నిర్మాత గంపగుత్తగా కొంత సొమ్ము ఇచ్చి పాటను తీసుకోవడమే పరిపాటి. 1958 జనవరిలో అమల్లోకి వచ్చిన కాపీరైట్ చట్టం ఈ తీరును మార్చలేదు. రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేయడానికి 1969లో ఐపీఆర్ఎస్ అనే సొసైటీ ఏర్పడింది. దాని అధికారాన్ని నిర్మాతలు సవాలు చేశారు. డబ్బిచ్చి సినిమా కోసం చేయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే తొలి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. గాయకులకు చట్టంలో ఏ హక్కూ లేకపోవడాన్ని అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ ఎత్తిచూపారు.

గాయకుల్లోనూ ఏకాభిప్రాయం ఉండేది కాదు. 1960ల తొలినాళ్లలో లతా మంగేష్కర్ రాయల్టీ అడిగారు. పారితోషికం తీసుకున్నాక ఇంకేమీ అడగరాదన్నది మహమ్మద్ రఫీ మాట. ఆ పట్టింపుతో ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. గాయకుల హక్కును చట్టం గుర్తించింది 1994లో.

అసలు మలుపు కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ. దాని కోసం గేయరచయిత జావేద్ అఖ్తర్ రాజ్యసభ సభ్యుడిగా గట్టిగా పోరాడారు. దాని ప్రకారం సినిమా హాల్లో ప్రదర్శనకు తప్ప మిగతా వాడకాలన్నిటికీ గేయరచయితకు, స్వరకర్తకు హక్కులు కొన్నవారితో సమానంగా రాయల్టీ దక్కాలి. ఆ హక్కును వారసులకో, వసూలు చేసే సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడానికి లేదు, రాసిచ్చినా చెల్లదు. గాయకుల రాయల్టీ వసూలుకు 2013లో ఇస్రా అనే సొసైటీ మొదలైంది.

పాడిన గొంతుకు ఉన్న హక్కు వేరు, పాట మీద హక్కు వేరు. 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, అనుమతి లేకుండా తన పాటలు పాడరాదంటూ స్వరకర్త ఇళయరాజా నోటీసు పంపించారు. బాలు ఆ పాటలు పక్కనపెట్టి మిగతావాటితో పర్యటన సాగించారు. పెళ్లి ఊరేగింపులో మోగే పాటకు మాత్రం ఇలాంటి అనుమతి అక్కర్లేకుండా చట్టమే మినహాయింపునిచ్చింది.

సాహిత్యం మీద, బాణీ మీద కాపీరైట్ వాటి కర్త మరణించాక మరో 60 ఏళ్లు నిలుస్తుంది. అన్నాళ్లూ పాట సంపాదనలో వారసులకు వాటా ఉంటుంది.