విద్యుత్ కారు: ఓటమి, పునరాగమనం

మా చిన్నతనంలో మా మేనమామగారికి ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. బ్యాటరీ నీరసించిన రోజున డ్రైవరు డిక్కీలోనుండి వంపు తిరిగిన ఇనుప హ్యాండిల్ ఒకటి తీసి, కారు ముందు భాగాన దూర్చి, బలంకొద్దీ పైకి గుంజేవాడు. పిల్లలమైన మమ్ములను ఎడంగా నిలుచుండమనేవాడు. హ్యాండిల్ పట్టుకొనేటప్పుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచవలెనే గాని, చుట్టి పట్టరాదన్నది అతడు మాకు నేర్పిన మొదటి మోటారు పాఠం. “అది ఎదురు తన్నిందంటే చెయ్యి విరుగుతుంది బాబూ!” అనేవాడు.

మోటారు కార్లంటే మాకు ఆనాటినుండి మక్కువ. ఏ కొత్త కారు బజారులోకి వచ్చినా దాని ఇంజను సంగతి, బ్రేకుల సంగతి తెలుసుకొననిదే మనసు నిలువదు. నేడు కొత్త కార్లను గూర్చి మాట్లాడే నలుగురూ తప్పక ప్రస్తావించేది విద్యుత్ కారును. అది నిన్న మొన్న పుట్టిన వింత అని అనేకుల భావన. నిజానికి అది పెట్రోలు కారుకు సమవయస్కురాలు. ఒకప్పుడు దానిని మించిన పరువు పొంది, పిమ్మట ఓడి, దాదాపు నూరేళ్లు మరుగున పడి, తిరిగి వచ్చినది. దానిని ఓడించుటలో ముఖ్యపాత్ర వహించినది మరొక విద్యుత్ మోటారే కావడం ఈ చరిత్రలోని చమత్కారం.

ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు పలకలతో, మరల మరల చార్జి చేయదగిన బ్యాటరీని నిర్మించినాడు. 1881లో కమీల్ ఫోర్ దానిని మెరుగుపరచినాడు. జర్మనీలో కార్ల్ బెంజ్ తన పెట్రోలు బండికి పేటెంటు పొందినది 1886లో. అనగా కారును నడుపదగిన బ్యాటరీ పెట్రోలు కారు పుట్టకముందే సిద్ధమై ఉన్నది. 1897లో లండను వీథులలో విద్యుత్ టాక్సీలు తిరిగినవి. 1899 ఏప్రిల్ 29వ తేదీన పారిస్ సమీపాన బెల్జియం దేశీయుడు కమీల్ జెనాట్జీ గంటకు 105 కిలోమీటర్లకు మించిన వేగంతో కారు నడిపినాడు. గంటకు నూరు కిలోమీటర్ల హద్దు దాటిన మొదటి కారు అదే. అది పెట్రోలు కారు కాదు, విద్యుత్ కారు. దానికి ఆయన పెట్టిన పేరునకు ‘ఎన్నటికీ తృప్తి లేనిది’ అని అర్థం. 1900లో అమెరికాలో తయారైన కార్లలో ఆవిరివి 1681, విద్యుత్తువి 1575, పెట్రోలువి 936 మాత్రమే.

విద్యుత్ కారునకు అంతటి ఆదరణ ఏల కలిగినది? దానికి పొగ లేదు, వాసన లేదు, గేర్లు మార్చే శ్రమ లేదు. అన్నిటికంటె ముఖ్యంగా, హ్యాండిల్ త్రిప్పే అవసరం లేదు. పెట్రోలు ఇంజను తనంత తాను మేలుకొనజాలదు. పెట్రోలు ఆవిరిని, గాలిని లోనికి పీల్చి, అదిమి, నిప్పురవ్వతో మండించిన తరువాతనే దానికి బలం వస్తుంది. ఆ పీల్చుట, అదుముట మొదటిసారి ఎవరో బయటనుండి చేయించవలెను. ఆ పని మనిషి భుజానిది. నిప్పురవ్వ వేళకు ముందే పడినదో, ఇంజను వెనుకకు తిరిగి హ్యాండిల్‌ను విసిరికొట్టేది. మణికట్లు విరిగినవారు, దవడలు పగిలినవారు ఆనాడు అనేకులు. బండి నడుపుటకు నేర్పు చాలినా, దానిని మేల్కొలుపుటకు కండబలం కావలసి వచ్చినది. అందుచేత విద్యుత్ కారును స్త్రీల కారు అని ప్రచారం చేసి అమ్మినారు. పెట్రోలు కార్ల చక్రవర్తి హెన్రీ ఫోర్డు భార్య క్లారా ఫోర్డు సైతం స్వయంగా నడుపుకొన్నది విద్యుత్ కారునే.

ఈ తరుణంలో రంగప్రవేశం చేసినవాడు చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు. ఆయన అంతకు పూర్వం అమెరికాలోని డేటన్ నగరంలో, దుకాణాలలో సొమ్ము లెక్కించి దాచే క్యాష్ రిజిస్టరు యంత్రాలు చేసే కంపెనీలో పనిచేసి, వాటిని నడుపుటకు ఒక చిన్న విద్యుత్ మోటారు అమర్చినాడు. అక్కడ ఆయన గ్రహించిన సంగతి చిన్నదే గాని లోతైనది. మోటారు గంటల తరబడి తిరుగవలసిన చోట అది పెద్దదిగా ఉండవలెను, లేనిచో వేడెక్కి చెడిపోవును. కాని కొద్ది క్షణాలు మాత్రమే బలం చూపి ఊరకుండే పనికైతే చిన్న మోటారు చాలును. ఇంజనును మేల్కొలుపుటకు కావలసినది సరిగా అట్టి క్షణకాలపు బలమే. ఈ సూత్రంతో ఆయన నిర్మించిన సెల్ఫ్ స్టార్టరు 1912 మోడలు కాడిలాక్ కార్లలో అమరినది. ఇంజను మేలుకొన్న పిదప అదే యంత్రం డైనమోగా మారి బ్యాటరీని తిరిగి నింపేది.

బ్యాటరీకున్న పెద్ద లోపం త్వరగా వట్టిపోవడం. విద్యుత్ కారును ఊరు దాటనీయనిది ఆ లోపమే. అదే బ్యాటరీ పెట్రోలు కారులో సేవకునిగా చేరగానే ఆ లోపం లెక్కలోనికి రాకుండా పోయినది. విద్యుత్ కారుకు మిగిలిన ఏకైక ఘనత, హ్యాండిల్ లేకపోవడం, ఇప్పుడు పెట్రోలు కారుకూ దక్కినది.

ఓటమికి స్టార్టరు ఒక్కటే కారణమనుట న్యాయం కాదు. 1901లో టెక్సాసులోని స్పిండిల్‌టాప్ వద్ద నూనె ఉవ్వెత్తున ఎగసి, పెట్రోలు సమృద్ధమైనది. 1913లో ఫోర్డు కదిలే పట్టాపై కార్లు కూర్చే పద్ధతి ప్రవేశపెట్టినాడు. 1912 నాటికే 650 డాలర్లకు పెట్రోలు కారు దొరుకగా, విద్యుత్ కారుకు 1750 డాలర్లు పెట్టవలసి వచ్చేది. పైగా పెట్రోలును డబ్బాలలో పల్లెకు మోసుకొని పోవచ్చును. కరెంటును అట్లు మోయుట సాధ్యమా? 1930 ప్రాంతాన సైతం అమెరికాలో సేద్యగాండ్ర ఇండ్లలో పదింట ఒకదానికి మాత్రమే విద్యుత్తు ఉండేది. కరెంటు రాని రోజులలో బ్యాటరీ రేడియో చుట్టూ చేరి వార్తలు విన్న మన పల్లెల పెద్దలకు ఈ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు.

ఇక పునరాగమనం. సీసపు బ్యాటరీ కిలోకు 30, 40 వాట్‌గంటల శక్తిని మాత్రమే దాచగలదు. పెట్రోలులో కిలోకు సుమారు 12,000 వాట్‌గంటలు ఉన్నవి. అందులో అధికభాగం వేడిగా వృథా అయినా పోటీ సమానం కాదు. లోహాలలో అతి తేలికైన లిథియంతో చేసిన బ్యాటరీలు 1991లో జపానులో మొదటిసారి బజారుకు వచ్చినవి. వాటికి పునాది వేసిన విటింగ్‌హామ్, గుడ్‌ఇనఫ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానం లభించినది. నేటి కార్లలోని లిథియం బ్యాటరీలు సీసపు బ్యాటరీలకంటె నాలుగైదు రెట్ల శక్తిని అదే బరువులో దాచగలవు. వీటిని ముందుగా కోరినది కారు కాదు. చేతిలో పట్టే కెమెరా, ఆపైన టెలిఫోను. వాటి కొరకు పెరిగిన పరిశ్రమయే కారుకు దారి చూపినది.

ఇక్కడ మేము ఒక తప్పు ఒప్పుకొనవలెను. 2001లో బెంగుళూరులో రేవా అనే చిన్న విద్యుత్ కారు వెలువడినది. రెండు తలుపులు, సీసపు బ్యాటరీలు, ఒక చార్జికి సుమారు 80 కిలోమీటర్ల ప్రయాణం. దానిని చూచి నవ్వినవారిలో మేమూ ఉన్నాము. ఇంజను గర్జన లేనిది కారు ఎట్లగునని మా వాదం. పాతికేళ్లు గడువకముందే ఆ నవ్వు మాకు సిగ్గు తెచ్చినది. యంత్రాన్ని ప్రేమించువాడు యంత్రాన్నే చూచును గాని, దాని వెనుక నడచి వచ్చుచున్న తోడు యంత్రాలను చూడడు.

నేడు కారు కొనదలచిన ప్రతి కుటుంబం ముందు ఈ ప్రశ్న ఉన్నది. విద్యుత్ కారా, పెట్రోలు కారా? చార్జి చేయు చోట్లు తక్కువ గదా అని సందేహించువారికి ఒక పాత ముచ్చట చెప్పవచ్చును. 1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మన్‌హైమ్ నుండి సుమారు నూరు కిలోమీటర్ల దూరాన ఉన్న ఫోర్ట్స్‌హైమ్‌కు పెట్రోలు కారులో వెళ్లినది. దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ అనే ఊరిలో మందుల దుకాణంలో కొన్నది. ఆనాడు పెట్రోలు బంకు అనే మాటయే లేదు. కారు ముందు వచ్చినది, బంకు తరువాత వచ్చినది.

కావున కొత్త కారును చూచినప్పుడు అడుగవలసినది ‘ఇది ఎంత వేగంగా పోవును?’ అనే ఒక్క ప్రశ్న కాదు. దీనికి మేత ఎక్కడ దొరుకును? మా ఇంటి కరెంటు దీనికి చాలునా? దీని బ్యాటరీ ఎన్నేండ్లు మన్నును? అది పాతబడిన నాడు దానినేమి చేయుదురు? 1912లో విద్యుత్ కారు ఓడినది ఇట్టి ప్రశ్నల ముందే. రేపు గెలిచినను ఓడినను వీటి ముందే.

మా మేనమామగారి కారు ఏనాడో తుక్కు దుకాణానికి చేరినది. ఆ ఇనుప హ్యాండిల్ మాత్రం మా ఇంటి అటకమీద నేటికీ ఉన్నది. దానిని చేతిలోనికి తీసుకొన్నప్పుడెల్లా బొటనవ్రేలు తనంత తానే తక్కిన వ్రేళ్ల ప్రక్కకు చేరును.