మాస్టారి కాళ్ళమీద చీమలు

రాత్రి రెండున్నర. జంగారెడ్డిగూడెంలో ఒక రిటైర్డు సైన్సు మాస్టారు మంచం దిగి, పెరట్లో గోళెం దగ్గర పాదాల మీద చెంబుతో నీళ్ళు పోసుకుంటున్నారు.

"మళ్ళీ లేచారా?" లోపల్నుంచి వాళ్ళావిడ గొంతు.

"చీమలే. మోకాలిదాకా పాకేస్తన్నాయి. అరికాళ్ళకి కారం రాసినట్టుంది."

ఆవిడ ఫోను లైటు వేసి చూసింది. చీమ లేదు, దద్దురు లేదు, వాపు లేదు. గచ్చు మీద తడి అడుగులు మాత్రం ఉన్నాయి.

మాస్టారి పేరు రాయడం లేదు. ఆయన ఒక్కరు కాదు. పలువురి అనుభవాలు కలిపి అల్లిన మనిషి. జబ్బు మాత్రం నిజం.

తొమ్మిదేళ్ళుగా షుగరు. మెట్‌ఫార్మిన్ బిళ్ళ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చేపా గుడ్డూ ముట్టరు. మంగళవారం వస్తే గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడిలో ప్రదక్షిణలు తప్పవు. ఆ ప్రదక్షిణల్లోనే మొదట తెలిసింది, కాలి కింద ఉన్నది రాయో దూదో తేడా తెలియడం లేదని.

పొగాకు వేలం కేంద్రం దగ్గర టీకొట్లో తలో మాట. "నరాల వీకండి మాస్టారూ, రెండు బలం ఇంజక్షన్లు వేయించుకోండి." "వాతమండి, ఆముదం రాయండి." ఆముదమూ రాశారు, దుప్పటి పాడైంది. హైదరాబాదు నుంచి కొడుకు: "టెస్టులన్నీ నార్మలే కదా నాన్నా, ఎక్కువ ఆలోచించకండి." నార్మల్ అన్నమాట ఆ ఇంట్లో తిట్టయి కూర్చుంది.

మధ్యలో రక్తం తక్కువుందని ఎవరో ఐరన్, ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు రాశారు. హిమోగ్లోబిన్ పెరిగింది, ఇంట్లో పాయసం వండారు. కాళ్ళు మాత్రం ఇంకా మొండికేశాయి.

ఆ ఫోలిక్ బిళ్ళ సంగతి తెలియాలంటే కాసేపు భీమవరం వెళ్ళాలి. 1895 జనవరి 12న అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో, కాలేయంలో దాగిన రక్తహీనత మందును వెతికించారు. ఆ వెతుకులాటలోనే ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. పెర్నీషియస్ ఎనీమియా అనే రక్తహీనత ఉన్న రోగులకు ఇస్తే రక్తం పుంజుకుంది. కానీ కొందరికి కాళ్ళ తిమ్మిర్లు ఆగలేదు సరికదా, నడక తూలసాగింది. రక్తం అడిగింది దొరికింది. నరాలు అడిగింది బి12 విటమిన్. దాన్ని 1948లో విడదీశారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. బి12 లోటును ఫోలిక్ యాసిడ్ పైపైన కప్పేస్తుందనీ, లోపల నరాలు చెడుతూనే ఉంటాయనీ అప్పుడే తెలిసింది. ఆ సంగతి మన టీకొట్టు దాకా ఇంకా రాలేదు. తప్పు టీకొట్టుది కాదులెండి.

చివరికి ఏలూరులో నరాల డాక్టరు ఒక శృతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) తీశారు. ముప్పై ఏళ్ళు మాస్టారు పిల్లలకు చూపించిన వస్తువే. దాన్ని మోగించి కాలి బొటనవేలి మీద ఆనించారు.

"అదురు తెలుస్తోందా?"

"ఆగిపోయిందండి."

డాక్టరు మాట్లాడకుండా దాన్ని మాస్టారి చెవి దగ్గర పెట్టారు. గుయ్‌మంటోంది.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రక్తపరీక్షలో బి12 బాగా తక్కువని తేలింది. అది మొక్కల్లో ఉండదు; పాలు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే, తిన్నది కూడా ఒంటికి సరిగా పట్టదు. మాస్టారికి రెండు వైపులా దెబ్బే.

బి12 ఇంజక్షన్లు మొదలై ఆరు నెలలైంది. మంట తగ్గింది, గోళెం దగ్గరికి వెళ్ళడం మానేశారు. చీమలు పూర్తిగా పోలేదు. నరం కోలుకోవడం నెలల పని, కొంత అసలు కోలుకోదు. ఎన్ని పరీక్షలు చేసినా కారణం దొరకని వాళ్ళూ ఉన్నారు. సన్నని నరాలు చెడితే మామూలు నరాల పరీక్షలో పడదు. వాళ్ళది భ్రమ అనకండి.

మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడుతూ పాదాలు మండుతున్నవాళ్ళు ఫోలిక్ బిళ్ళ మింగేముందు డాక్టర్ని బి12 పరీక్ష అడగండి. ఒక్క గొట్టం రక్తం చాలు.