నిశానీ నుంచి గ్యాసు సబ్సిడీ దాకా: మన బొటనవేలి కథ

మా భీమిలికి కంపెనీలు కొత్త కాదు. పదిహేడో శతాబ్దంలో బట్టల వ్యాపారానికని డచ్చివాళ్ళు ఇక్కడ దిగారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ సముద్రానికి దగ్గర్లోనే ఉన్నాయి. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. 1861లో మునిసిపాలిటీ అయింది. మా పిల్లలకి ఈ సంగతులు చెబుతుంటే ఒకసారి చిన్నది అడిగింది, "కంపెనీకీ మనకీ గొడవొస్తే అప్పుడు ఎవరి మాట నెగ్గేదమ్మా?" అని. నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పాత కంపెనీల సంగతి చరిత్రకారులు చూసుకుంటారు. ఇప్పటి ఫోను కంపెనీలు, పేమెంటు కంపెనీల సంగతి మాత్రం మన వంటింటి లెక్కల్లోకి వచ్చేసింది. దానికి తాళంచెవి మన బొటనవేలు. అందుకే ఈసారి ఆ వేలి కథ రాస్తున్నాను.

మన పాత దస్తావేజులు చూసే ఉంటారు. చివర్లో "ఫలానా వారి నిశానీ" అని రాసి, పక్కన నల్లటి మరక ఉంటుంది. చదువు రానివాళ్ళు ఆ మరకే వేసేవారు. ఎవరినైనా చిన్నబుచ్చాలంటే "వేలిముద్ర బాపతు" అనడం మన ఊళ్ళలో మామూలే. ఆ ముద్రని సర్కారు కాగితం మీదికి తెచ్చినవాడు మాత్రం బాగా చదువుకున్న దొరే.

1858 జులైలో, ఈస్టిండియా కంపెనీ పాలన చివరి రోజుల్లో, బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు రాయించుకున్నాడు. రోడ్డుకి కావలసిన సరుకు తోలడానికి ఒప్పుకున్నవాడు రాజ్యధర్ కొనాయ్. కాగితం రాయడం అయ్యాక హెర్షెల్ అతని అరచేతికి సిరా పూసి, కాగితం వెనక మొత్తం చేతి ముద్ర వేయించుకున్నాడు. ఎందుకంటే, రేపొద్దున్న "ఆ సంతకం నాది కాదు" అనకుండా భయపెట్టడానికి. తర్వాత ఆయనే రాసుకున్న సంగతి ఇది. అంటే ఆ ముద్ర పుట్టిందే ఎదుటివాడి మీద నమ్మకం లేక. కంపెనీ మాట తప్పితే కొనాయ్ చూపించుకోవడానికి కంపెనీ చేతిముద్ర మాత్రం ఎవరూ వేయలేదు.

1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉండగా హెర్షెల్ ఇదే పద్ధతిని పింఛనుదారులకీ, దస్తావేజుల రిజిస్ట్రేషనుకీ పెట్టాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. ముద్రల్ని వరసగా విడగొట్టి, కావలసినది వెంటనే వెతికి తీసే లెక్కని తయారుచేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్ళు. పేరు మాత్రం వాళ్ళ పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి పోయింది. ఇంట్లో వంట ఒకరు చేస్తే మెప్పు ఇంకొకరికి దక్కడం మనకి తెలియనిదా!

ఇక మన ఆడవాళ్ళ దగ్గరికి వద్దాం. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం ఊరూరా నడిచింది. రాత్రిపూట లాంతరు వెలుగులో పలకలు పట్టుకుని కూర్చున్న అమ్మల్ని, అత్తల్ని నా వయసు వాళ్ళు చూసే ఉంటారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆ చదువుల దగ్గర మొదలైన మాటలే 1992లో సారా మీద పోరాటం అయ్యాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తర్వాత డ్వాక్రా సంఘాల తీర్మానాల పుస్తకాల్లో వేలిముద్రలు తగ్గి, వంకరటింకరగానైనా సంతకాలు కనిపించడం మొదలైంది.

మా అత్తగారు కూడా అలా నేర్చుకున్నవారే. ఇంటిపేరుతో సహా, ఒత్తులు తప్పకుండా సంతకం పెడతారు. కొన్నేళ్ళ కింద ఒక కొట్లో కుర్రాడు వేలు పెట్టే యంత్రం ముందుకి తోస్తే, ఆవిడ "సంతకం వచ్చు బాబూ నాకు" అన్నారు. "సంతకం అక్కర్లేదు మామ్మగారూ, వేలు పెట్టండి చాలు" అన్నాడతను. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. కానీ ముప్పై ఏళ్ళ కింద వదిలించుకున్న నిశానీ మళ్ళీ వెనక్కి వచ్చిందని ఆవిడకి కాస్త చిన్నతనంగానే అనిపించింది.

మన రాష్ట్రంలో 2015 నుంచి రేషన్ షాపుల్లో వేలిముద్ర యంత్రాలు వచ్చాయి. దొంగ కార్డులు తగ్గుతాయన్నారు, మంచిదే. కానీ చేపల పొలుసు తీసి, ఉప్పులో చేతులు నాని, చర్మం అరిగిపోయిన మా ఊరి మత్స్యకార ఆడవాళ్ళని అడగండి. రోజూ గిన్నెలు తోమే చేతుల్ని అడగండి. యంత్రం "సరిపోలలేదు" అంటుంది. చెయ్యి కడుక్కో, తుడుచుకో, ఇంకో వేలు పెట్టు, రేపు రా అంటారు. కనుపాప యంత్రాలు, వేరే దారులు తర్వాత వచ్చాయి గానీ, ఒక్క సంగతి గమనించండి. యంత్రం చదవలేకపోతే తప్పు వేలిదంటారు గానీ యంత్రానిదని ఎవరూ అనరు.

ఇప్పుడు అసలు కథ. ఇది మా ఇంటిది కాదు, దేశమంతా పేపర్లలో వచ్చింది.

వంటగ్యాసు కనెక్షను చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ పేరున ఉంటుంది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం డ్వాక్రా మహిళలకి కనెక్షన్లు ఇచ్చింది. 2016లో ఉజ్జ్వల కూడా మహిళల పేరునే వచ్చింది. 2015 జనవరి 1 నుంచి దేశమంతా సిలిండరు పూర్తి ధరకి కొనుక్కుంటే సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడే పద్ధతి పెట్టారు. కొందరికి తన పేరున తన ఖాతాలో పడే డబ్బు అదొక్కటే. దాంతో పాలచీటీ తీర్చేవాళ్ళు, పిల్లల పుస్తకాలు కొనేవాళ్ళు ఉన్నారు.

2017లో సిమ్ముకి ఆధార్ కలపాలని అందరికీ మెసేజీలు మొదలయ్యాయి కదా. కలపకపోతే ఫోను ఆగిపోతుందని భయం. అందరం కొట్ల ముందు నిలబడి వేలు పెట్టాం. ఎయిర్‌టెల్ కస్టమర్లు కూడా అలాగే పెట్టారు. ఆ కంపెనీకి అదే ఏడాది జనవరిలో దేశమంతా మొదలైన పేమెంట్స్ బ్యాంకు ఒకటి ఉంది. సిమ్ము కోసం వేసిన ముద్రతోనే చాలామందికి ఆ బ్యాంకులో ఖాతాలు తెరుచుకున్నాయి. కంపెనీ యాప్ తెరిస్తే అంగీకారం గడిలో ముందే టిక్కు పెట్టి ఉండేదన్న సంగతి ఆధార్ సంస్థ విచారణలో బయటికి వచ్చింది.

ఖాతా తెరిస్తే ఏమవుతుంది, ఖాళీగా పడుంటుంది కదా అనుకుంటాం. అక్కడే ఉంది కిటుకు. సబ్సిడీ పంపే కంప్యూటరు మన పాస్‌బుక్కు చూడదు. మన ఆధార్ నంబరు చూసి, దానికి చివరగా ఏ ఖాతా ముడిపడిందో అక్కడికి డబ్బు పంపుతుంది. కొత్త ఖాతా ముడిపడగానే పాతది పక్కకి పోయింది. ఏళ్ళ తరబడి వెళ్ళి వస్తున్న బ్యాంకులో సబ్సిడీ పడటం మానేసి, ఉందని కూడా తెలియని ఖాతాలోకి పోవడం మొదలైంది. గ్యాసు ఏజెన్సీకి వెళ్తే "పంపేశాం" అంటారు. బ్యాంకుకి వెళ్తే "మాకు రాలేదు" అంటారు. ఇద్దరు చెప్పేదీ నిజమే. మధ్యలో ఆవిడ ఆటో చార్జీలు దండగ.

ఫిర్యాదులు పోగుపడ్డాక 2017 డిసెంబరులో ఆధార్ సంస్థ ఎయిర్‌టెల్‌కీ, దాని పేమెంట్స్ బ్యాంకుకీ ఆధార్‌తో సరిచూసుకునే అనుమతిని ఆపేసింది. లెక్క తీస్తే 31 లక్షల మందికి పైగా కస్టమర్ల సబ్సిడీ, సుమారు 190 కోట్ల రూపాయలు, అలా మళ్ళిందని తేలింది. ఆ డబ్బు వాళ్ళ పాత ఖాతాలకి తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. 2018 మార్చిలో రిజర్వు బ్యాంకు, స్పష్టమైన అంగీకారం లేకుండా ఖాతాలు తెరిచినందుకు పేమెంట్స్ బ్యాంకు మీద 5 కోట్ల జరిమానా వేసింది. అప్పటినుంచి, ఇలా ఖాతా మార్చాలంటే బ్యాంకు ముందు మనల్ని అడగాలి. మార్చాక మెసేజి పంపాలి.

190 కోట్లు పెద్ద అంకె. మనిషికి లెక్క వేస్తే ఆరేడు వందలు. దాని కోసం ఎవరు కోర్టుకి వెళ్తారు? పెద్ద కంపెనీల ధైర్యం అక్కడే ఉంది. ఒక్కొక్కరి దగ్గర పోయింది చిన్నది, వాళ్ళ దగ్గర పోగుపడింది పెద్దది. అయినా ఇది బయటపడింది అంటే, ఆ చిన్న మొత్తం ఎందుకు పడలేదని కౌంటర్ల దగ్గర పట్టుపట్టి అడిగినవాళ్ళు ఉండబట్టే. గ్యాసు డబ్బుల లెక్క ఇంట్లో ఎవరు చూస్తారో మీకు వేరే చెప్పాలా!

ఆ తర్వాత ఏడాది, 2018 జూన్‌లో, తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఇంకో సంగతి బయటపడింది. సిమ్ములు అమ్మే ఒక డీలరు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలకి రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకళ్ళు తయారుచేశాడు. వాటితో వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. టార్గెట్టు పూర్తి చేయడానికట! తర్వాత ఏళ్ళలో ఇలాంటి నకిలీ ముద్రలతోనే ఖాతాల్లోంచి డబ్బు తీసిన ముఠాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పట్టుబడ్డాయి. వేలు పెట్టి డబ్బు తీసే పద్ధతిలో ఓటీపీ అడగరు కదా. దస్తావేజు మీద వేలిముద్ర పెట్టించింది మోసం జరగకూడదని. 1877లో హెర్షెల్ అనుకున్నదీ అదే. చివరికి ఆ దస్తావేజే దొంగకి అచ్చు అయింది. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. వేలు పోతే ఏం మార్చుకుంటాం?

2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు సిమ్ముకి ఆధార్ తప్పనిసరి కాదని తీర్పు ఇచ్చింది. ప్రైవేటు కంపెనీలు ఒప్పందం పేరుతో ఆధార్ అడగడాన్నీ కొట్టేసింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఏ పనికి సమాచారం తీసుకున్నారో ఆ పనికే వాడాలన్నది దాని మూలసూత్రం. వందేళ్ళకి పైగా మన చేత ముద్ర వేయించుకున్నవాళ్ళు, ఇప్పటికి కొంచెం తమ ముద్ర కూడా వేయాల్సి వచ్చిందన్నమాట. అది చెల్లుతుందా లేదా అన్నది మనం అడగడాన్ని బట్టే ఉంటుంది.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2024 నవంబరు నుంచి మన రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇస్తున్నారు. అదీ ముందు మనం డబ్బు కట్టి తీసుకుంటే తర్వాత ఖాతాలో వేసే పద్ధతితోనే మొదలైంది. కాబట్టి ఏ ఖాతా అన్న ప్రశ్న మళ్ళీ వంటింట్లోకి వచ్చింది. ఒక మధ్యాహ్నం తీరుబడి చేసుకుని ఈ నాలుగూ చూసుకోండి.

ఆధార్ వెబ్‌సైటులో మీ నంబరుకి ఏ బ్యాంకు ముడిపడి ఉందో కనిపిస్తుంది. అది మీరు అనుకున్న బ్యాంకేనా?

అక్కడే బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది. అది వేస్తే మీ వేలిముద్ర నకలు ఎవరి దగ్గరున్నా పనిచేయదు. మీకు అవసరమైనప్పుడు తీసి, పని అయ్యాక మళ్ళీ వేసుకోవచ్చు. రేషనుకి, పింఛనుకి వేలు పెట్టే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, ఆ రోజుకి తీయడం మర్చిపోకండి.

కొట్లో వేలు పెట్టమంటే "దేనికి?" అని అడగండి. రెండోసారి పెట్టమంటే, "మొదటిది ఏమైంది?" అని మళ్ళీ అడగండి. యాప్‌లో ముందే టిక్కు పెట్టిన గడి కనిపిస్తే తీసేయండి.

తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా చెప్పండి. 2017 నాటి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, తప్పు బ్యాంకుదీ మనదీ కాక మూడోవాళ్ళదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మన మీద పడదు. అందుకే ఆలస్యం వద్దు. చెప్పినట్టు రసీదు మాత్రం తీసుకోండి.

మా అత్తగారి ఆధార్‌కి లాక్ వేశాను. రేషన్ రోజున తీసి, ఇంటికి రాగానే మళ్ళీ వేస్తున్నాను. బ్యాంకులో మాత్రం ఆవిడ ఇప్పటికీ ఫారం అడిగి తీసుకుని, ఒత్తులన్నీ చూసుకుని, నిదానంగా సంతకమే పెడతారు. వెనక లైను ఎంత ఉన్నా సరే.