తల్లి మీద పడిన నింద

1938లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం నుంచి ఒక తండ్రి తన ఐదేళ్ళ కొడుకు డోనాల్డ్ గురించి 33 పేజీలు టైపు చేయించి బాల్టిమోర్‌లోని డాక్టరుకు పంపాడు. పిల్లవాడు ఒంటరిగా ఉంటేనే సంతోషంగా ఉంటాడు, దొరికిన వస్తువునల్లా గిరగిరా తిప్పుతాడు, తన గురించి చెప్పుకోవలసిన చోట ‘నువ్వు’ అంటాడు. ఆ డాక్టరు లియో కానర్. 1943లో డోనాల్డ్‌తో కలిపి 11 మంది పిల్లల గురించి ఆయన రాసిన వ్యాసంతో ఆటిజం విడిగా గుర్తింపు పొందింది.

మాట మాత్రం ఆయనది కాదు. స్కిజోఫ్రీనియా రోగులు తమలోకి తాము ముడుచుకుపోవడాన్ని స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవైద్యుడు బ్లాయిలర్ అంతకుముందే ఆటిజం అన్నాడు. ఇలాంటి పిల్లలను కానర్ కంటే ముందే, 1925లో, మాస్కోలో వైద్యురాలు గ్రూన్యా సుఖరేవా ఎంతో శ్రద్ధగా వర్ణించింది. ఆమె పేరు ఇన్నేళ్ళు మరుగున పడి ఉండటం నాకు బాధగా ఉంటుంది. వియన్నాలో డాక్టర్ ఆస్పెర్గర్ ఇలాంటి పిల్లల గురించే రాసిన వ్యాసం 1944లో వచ్చింది.

ఇది పుట్టుకతో వచ్చేదని రాసిన కానరే, ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత గలవాళ్ళు తక్కువని కూడా రాశాడు. ఆ రెండో మాటే ఊరంతా పాకింది. ‘రిఫ్రిజిరేటర్ తల్లులు’ అన్న పేరు పుట్టింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ తన పుస్తకంలో ఈ పిల్లలను నాజీ నిర్బంధ శిబిరాల ఖైదీలతో పోల్చాడు. బిడ్డను ఆ స్థితికి తెచ్చింది తల్లేనన్నమాట! రాత్రింబగళ్ళు బిడ్డను కనిపెట్టుకుని ఉన్న మనిషికి అంతకన్నా క్రూరమైన తీర్పు ఉండదు. ‘నువ్వు సరిగ్గా మాట్లాడించకపోతే వాడికి మాటలెలా వస్తాయి?’ అని మన ఇళ్ళలో కోడళ్ళు ఇప్పటికీ వింటున్నదీ ఆ తీర్పే.

దాన్ని తిరగరాసినవాళ్ళూ తల్లిదండ్రులే. ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి అయిన మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే కారణం శరీరంలో ఉందని వాదించాడు. 1969లో తల్లిదండ్రుల సభలో కానర్ స్వయంగా వాళ్ళను నిర్దోషులుగా ప్రకటించాడు. 1977లో పరిశోధకులు ఫోల్‌స్టీన్, రటర్ 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. మిగతా 10 జంటల్లో ఒక్కదానిలోనూ అలా లేదు. వంశవాహికల పాత్రకు అది బలమైన ఆధారం. ఆ తర్వాత లండన్‌లో లోర్నా వింగ్, ఆటిజం ఉన్న అమ్మాయికి తల్లి, దీన్ని ఒకే మూస రోగంగా కాక విశాలమైన స్పెక్ట్రమ్‌గా చూపింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ ఆస్పెర్గర్ సిండ్రోమ్‌నూ అందులోనే కలిపింది.

మన దేశంలో 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది, 2016 చట్టంలో స్థిరపడింది. ఆటిజం ఉన్నవాళ్ళకు వైకల్య ధ్రువపత్రాలు ఇవ్వడానికి వాడే భారతీయ కొలమానం సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో తయారైంది. అందులో 40 అంశాలు. పరీక్షించేవారు బిడ్డను గమనిస్తారు, అమ్మానాన్నలను అడుగుతారు. ఇంట్లో ఏం చేస్తాడు, పిలిస్తే చూస్తాడా, ఏ మాట పదే పదే అంటాడు. ఆ తండ్రి 33 పేజీల్లో రాసి పంపినవీ ఇలాంటి సంగతులే.