మెడలో మహారాణి

నా చిన్నప్పుడు పెదబయలు సంతలో ముసలమ్మల మెడల్లో రూపాయల దండలుండేవి. వాటిలో విక్టోరియా, ఎడ్వర్డు, ఇద్దరు జార్జిలు ఉంటారు. అక్కడితో సరి. స్వతంత్రం వచ్చాక అచ్చేసిన బిళ్ళ ఒక్కటీ కనబడదు!

ఎందుకంటారా? 1940 ముందు రూపాయి బిళ్ళ 11.66 గ్రాములు, అందులో నూటికి దాదాపు 92 పాళ్ళు వెండి. యుద్ధకాలంలో, 1940లో, వెండిని సగానికి దించారు. 1947లో మొత్తం తీసేసి నికెల్ పెట్టారు. కొండమీది ఆడవాళ్ళకి ఆ సంగతి ఎవరూ మెయిల్ పెట్టి చెప్పలేదు లెండి. కొత్త బిళ్ళకి రింగు అతికించడం మానేశారంతే.

"గిరిజనులకి నగల పిచ్చి" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బ్యాంకు లేని కొండమీద పసుపు అమ్మిన డబ్బు ఎక్కడ దాచుకోవాలి? షావుకారు అప్పుకి భూమి పోతోందనే కదా 1917లో ఏజెన్సీకి ప్రత్యేక చట్టం తెచ్చి, వడ్డీకి హద్దు పెట్టి, ఏజెంటు అనుమతి లేకుండా భూమి బయటివాళ్ళకి పోకూడదన్నారు. 1970లో దాన్ని ఇంకా బిగించారు. మెడలో వెండికి మాత్రం ఏ చట్టమూ కాపలా లేదు. మా నాయనమ్మ దండలో మూడు బిళ్ళలు మా నాన్న చదువుకి పోయాయి. ఆ ఖాళీల్లో పూసలు గుచ్చుకుంది.

ముక్కుకి అటొకటి, ఇటొకటి, మధ్యలో ఒకటి... మూడు పెట్టుకోవడం మావైపు మామూలే. నేను పట్నంలో ఇంజనీరింగు చేరిన రోజు మా అమ్మ మధ్యది తీసేసి వచ్చింది. తీయమని ఎవరూ అనలేదు. అననక్కర్లేదు కూడా.

ఇక బట్ట సంగతి. గదబ ఆడవాళ్ళు కెరంగ్ నారతో చారల బట్ట తామే నేసుకునేవారు, చెవులకి పెద్ద ఇత్తడి తీగ చుట్టలు. థర్‌స్టన్ 1909లో అచ్చేసిన సంపుటాల్లో వీళ్ళ గురించి రాశాడు. టిబెట్ ఆడవాళ్ళు చుబాని నడుం పట్టీతో బిగిస్తారు, మావాళ్ళకి భుజం మీద ముడి చాలు. చీర మోకాలి కిందే ఆగుతుంది, వాలులో కాలికి తగలకుండా. నెత్తిన కట్టెలున్నా, చంకన పిల్లాడున్నా ఆ ముడి జారదు.

మొన్న అరకులో మా టీం అమ్మాయిలు అద్దెకి "గిరిజన వేషం" కట్టించుకున్నారు. భుజం మీద పిన్నీసు! ముడి వెయ్యి తమ్ముడూ అంటే అద్దెకిచ్చిన కుర్రాడు నా మొహం చూశాడు. పక్కన జొన్నపొత్తులు కాలుస్తున్న ముసలామె లేచొచ్చి, పిన్నీసు తీసి వాడి చేతిలో పెట్టి, వేసింది.