లినక్స్ డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్లు: మార్చుకోవడం, మలచుకోవడం

లినక్స్‌తో నడిచే కంప్యూటరులో తెర మీద కనిపించే విండోలు, మెనూలు, అంచున ఉండే ప్యానెల్, ఫైళ్ళను చూపే ప్రోగ్రాము, సెట్టింగుల పేజీ మొదలైనవాటిని ఒకే తీరులో, ఒకదానితో ఒకటి పొసగేలా అందించే ప్రోగ్రాముల సముదాయాన్ని డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఇది హార్డ్‌వేరును నడిపించే కెర్నెల్‌లో భాగం కాదు, దానిపైన నడిచే వేరే పొర మాత్రమే. అందువల్ల గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్ఎఫ్‌సీఈ వంటివాటిలో రెండు మూడింటిని ఒకే యంత్రంలో పక్కపక్కనే ఉంచుకుని, లాగిన్ అయ్యే ప్రతిసారీ కావలసినదాన్ని ఎంచుకోవడం సాధ్యమవుతుంది.

ఈ వెసులుబాటుకు మూలం 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మొదలైన ఎక్స్ విండో సిస్టమ్‌లో ఉంది. తెర మీద గీయడం, కీబోర్డు మౌస్‌ల కదలికలను అందుకోవడం వరకే తన పనిగా పెట్టుకున్న ఆ వ్యవస్థ, విండో ఎలా కనిపించాలి, దాన్ని ఎలా జరపాలి, ఎలా మూయాలి అనే నిర్ణయాలను విండో మేనేజర్ అనే మరో ప్రోగ్రాముకు వదిలివేసింది. దీనివల్ల స్వేచ్ఛతో పాటు గందరగోళం కూడా వచ్చింది. ఒక్కో ప్రోగ్రాము ఒక్కో రూపంతో, ఒక్కో పద్ధతితో ఉండడంతో సాధారణ వాడుకరి తడబడవలసి వచ్చేది. ఈ లోటు తీర్చడానికి జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మాథియాస్ ఎట్రిష్ 1996 అక్టోబరులో కేడీఈని ప్రతిపాదించాడు. అయితే బటన్లు, మెనూల వంటి అంగాల కోసం కేడీఈ ఆధారపడిన క్యూటీ అనే లైబ్రరీ లైసెన్సు ఆనాటికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాలకు లోబడి లేకపోవడంతో, మెక్సికోకు చెందిన మిగెల్ ది ఇకాజా, ఫెదెరికో మేనా 1997 ఆగస్టులో జీటీకే అనే మరో లైబ్రరీ ఆధారంగా గ్నోమ్‌ను ఆరంభించారు. 2000లో క్యూటీ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చి ఆ అభ్యంతరం తొలగిపోయినా, అప్పటికే రెండు ప్రాజెక్టులూ తమ తమ దారుల్లో స్థిరపడ్డాయి.

శ్రమ రెండింతలైందన్న విమర్శ అప్పటినుంచీ ఉన్నదే, అందులో నిజం లేకపోలేదు. కాని 2000లోనే హావక్ పెన్నింగ్టన్ ప్రారంభించిన ఫ్రీడెస్క్‌టాప్.ఆర్గ్ అనే వేదిక ఈ పోటీదారుల మధ్య ఉమ్మడి నియమాలను నెలకొల్పింది. ప్రోగ్రాము పేరు, గుర్తు, దాన్ని తెరిచే ఆదేశం ఎలా రాయాలన్న ఒకే పద్ధతి ఏర్పడినందువల్లనే, ఒకసారి ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాము అన్ని డెస్క్‌టాప్‌ల మెనూల్లోనూ ప్రత్యక్షమవుతుంది. పెద్దగా ప్రచారం దక్కని ఈ ఒప్పందాలే లేకపోతే ఒక డెస్క్‌టాప్ నుంచి మరొకదానికి మారడం ఇల్లు మారినంత పనయ్యేది.

ఎంపికలు విస్తరించడానికి మరో కారణం వాడుకరుల అసంతృప్తి. 2011 ఏప్రిల్‌లో వెలువడిన గ్నోమ్ 3 పాత ప్యానెల్‌ను, మెనూలను తొలగించి, తెరిచిన విండోలన్నిటినీ ఒకచోట పరిచి చూపే కొత్త పద్ధతిని తెచ్చినప్పుడు చాలామందికి అది రుచించలేదు. పాత గ్నోమ్ 2 సోర్సును కాపాడుకుంటూ మాటే అనే డెస్క్‌టాప్ పుట్టగా, లినక్స్ మింట్ అనే లినక్స్ పంపిణీని తయారుచేసే బృందం కొత్త గ్నోమ్ సాంకేతికత మీదనే పాత అమరికను నిలుపుతూ సినమన్‌ను రూపొందించింది. మరో పంపిణీ అయిన ఉబుంటు అదే ఏడు యూనిటీ అనే సొంత రూపాన్ని ప్రధాన డెస్క్‌టాప్‌గా చేసుకుని, 2017 అక్టోబరులో తిరిగి గ్నోమ్‌కే వచ్చింది.

మారే పద్ధతి తేలికైనదే. సంకేతపదం అడిగే తెరను చూపే ప్రోగ్రామును డిస్‌ప్లే మేనేజర్ అంటారు. గ్నోమ్‌తో సాధారణంగా జీడీఎం, ప్లాస్మాతో ఎస్‌డీడీఎం వస్తాయి. డిస్క్‌లో ఉన్న డెస్క్‌టాప్‌ల జాబితాను ఈ ప్రోగ్రాము చిన్న సెషన్ ఫైళ్ళ నుంచి చదివి, లాగిన్ తెర మీది పళ్ళచక్రం గుర్తు కిందనో సెషన్ మెనూలోనో చూపుతుంది. కొత్త డెస్క్‌టాప్ కావాలంటే దాని భాగాలన్నిటినీ ఒక్క పేరుతో తెచ్చే మెటాప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయాలి. డెబియన్, ఉబుంటులలో ఆ సమయంలో ఏ డిస్‌ప్లే మేనేజర్‌ను ఉంచాలన్న ప్రశ్న ఎదురైతే సాధారణంగా దేన్ని ఎంచుకున్నా ఫరవాలేదు, ఏదైనా మిగతా డెస్క్‌టాప్‌ల సెషన్లను కూడా చాలావరకు తెరవగలదు.

అసలు చిక్కు మారిన తరువాత మొదలవుతుంది. మెనూలో రెండేసి ఫైల్ మేనేజర్లు, రెండేసి టెర్మినళ్ళు కనిపిస్తాయి. వాడుకరి అభిరుచులన్నీ హోమ్ ఫోల్డరులోని మరుగు ఫోల్డర్లలో నిలవ ఉంటాయి కనుక, ప్లాస్మా జీటీకే ప్రోగ్రాముల కోసం రాసిపెట్టిన రంగులు, ఫాంట్లు తిరిగి గ్నోమ్‌లోకి వెళ్ళినప్పుడు కూడా వెంటాడవచ్చు. కాబట్టి ప్రయోగం కోసం అదే కంప్యూటరులో వేరే వాడుకరి ఖాతా తెరిచి, అందులో కొత్త డెస్క్‌టాప్‌ను కొన్నాళ్ళు వాడి చూడడం అన్నిటికన్నా మేలైన మార్గం. తొలగించేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. మెటాప్యాకేజీని తీసినంత మాత్రాన దానితో వచ్చినవి పోవు, వాటిని ఊడ్చివేయబోతే రెండో డెస్క్‌టాప్‌కు కావలసినవి కూడా పోవచ్చు, అందువల్ల తొలగింపు జాబితాను చివరిదాకా చదివిన తరువాతే అంగీకరించాలి.

మలచుకునే విషయంలో ఒక్కో డెస్క్‌టాప్‌ది ఒక్కో దృక్పథం. ప్లాస్మాలో ప్యానెల్‌ను ఏ అంచుకైనా జరపవచ్చు, విడ్జెట్లు అనే చిన్న ఉపకరణాలను చేర్చవచ్చు, విండోల ప్రవర్తనను ఒక్కో ప్రోగ్రాముకు విడివిడిగా నిర్దేశించవచ్చు. ఎక్స్ఎఫ్‌సీఈ తక్కువ మెమరీ ఉన్న పాత యంత్రాలకు సరిపడేలా విడివిడి చిన్న భాగాలతో కట్టినది. గ్నోమ్ మాత్రం సెట్టింగులను పరిమితంగా ఉంచి, మిగిలిన మార్పులను జావాస్క్రిప్ట్‌లో రాసే ఎక్స్‌టెన్షన్లకు వదులుతుంది. ఈ ఎక్స్‌టెన్షన్లు డెస్క్‌టాప్ ప్రధాన ప్రోగ్రాము లోపలే నడుస్తాయి కనుక వాటికి శక్తి ఎక్కువ, ఆయువు తక్కువ. 2023లో గ్నోమ్ 45 లోపలి పద్ధతిని మార్చినప్పుడు పాతవాటిని కొత్త నియమాలకు అనుగుణంగా సవరించవలసి వచ్చింది. రూపాన్ని మార్చే థీముల విషయంలోనూ ఘర్షణ తలెత్తింది. 2019లో కొందరు గ్నోమ్ ప్రోగ్రాముల రచయితలు, బయటి థీములు తమ ప్రోగ్రాముల రూపాన్ని చెడగొడుతున్నాయని, వాటిని పంపిణీదారులు ముందుగానే తగిలించి ఇవ్వవద్దని బహిరంగ లేఖ రాశారు. రచయితల ఇబ్బంది న్యాయమైనదే అయినా, తన తెర మీద ఏ రంగు ఉండాలో తేల్చుకునే తుది హక్కు వాడుకరిదే కావాలి. ఆ లేఖ కూడా సొంతంగా మార్చుకునేవారిని తప్పుపట్టలేదు.

2008లో మొదలై క్రమంగా ఎక్స్ స్థానాన్ని తీసుకుంటున్న వేలాండ్ ఈ స్వేచ్ఛను కొంత తగ్గించింది. అందులో తెరను నిర్వహించే పని, విండోలను నిర్వహించే పని ఒకే ప్రోగ్రాము చేస్తుంది కనుక, పూర్వంలాగా డెస్క్‌టాప్‌ను అలాగే ఉంచి విండో మేనేజర్‌ను మాత్రం మార్చడం సాధారణంగా సాధ్యపడదు.

తెలుగులో టైపు చేసేవారు మారేటప్పుడు గమనించవలసిన విషయం ఒకటుంది. ఫాంట్లను అన్ని డెస్క్‌టాప్‌లూ ఉమ్మడి ఏర్పాటు నుంచే తీసుకుంటాయి కాబట్టి తెలుగు అక్షరాలు కనిపించడంలో తేడా రాదు. అయితే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక గాని, ఆర్‌టీఎస్ వంటి లిప్యంతర పద్ధతి గాని అందించే ఐబస్ అనే ప్రోగ్రాము గ్నోమ్‌లో అంతర్భాగంగా ఉండి కీబోర్డు సెట్టింగులలోనే దొరుకుతుంది; ప్లాస్మాలో ఐబస్‌నో, అలాంటిదే అయిన ఫ్సిటిక్స్ 5నో విడిగా ఇన్‌స్టాల్ చేసి, వేలాండ్ సెషన్ అయితే సెట్టింగులలోని వర్చువల్ కీబోర్డు పేజీలో దాన్ని ఎంపిక చేయాలి.