రాత్రి బడి నుంచి బడి కమిటీ దాకా

ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల భాగస్వామ్యం గురించి రాసేవారు మామూలుగా 1998తో మొదలుపెడతారు. పాఠశాల విద్యలో సమాజ భాగస్వామ్యం కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసిన ఏడాది అది. దాని తర్వాత 2009 విద్యాహక్కు చట్టం, 2019 తల్లిదండ్రుల కమిటీలు, 2024 మెగా తల్లిదండ్రుల-ఉపాధ్యాయుల సమావేశాలు వరసగా వస్తాయి. ఈ వరస చదివితే, గడప బయట నిలబడ్డ తల్లిదండ్రులను సర్కారే చేయిపట్టి లోపలికి తెచ్చిందనిపిస్తుంది. నెల్లూరు పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెల్లో జరిగింది చూస్తే ఈ లెక్క కుదరదు. చట్టానికి ఏడేళ్ల ముందే అక్కడి తల్లులు బడిపలక పట్టారు. తర్వాత వచ్చిన చట్టాలు వాళ్లను గుర్తుపట్టలేదన్నదే నా వాదన.

పాత సంగతులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1822లో మద్రాసు గవర్నర్ మన్రో బడుల లెక్కలు తీయించిన నాటికి వీధి బడి పంతులుకు జీతం ఎక్కువగా పిల్లల ఇళ్ల నుంచే అందేది. దాన్ని స్వర్ణయుగమనడానికి వీల్లేదు. ఆడపిల్లలకు, దళితుల పిల్లలకు ఆ అరుగు మీద చోటు దాదాపు లేదు. 1920 మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం జిల్లా విద్యా కౌన్సిళ్లను తెచ్చింది. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక బడులు పంచాయతీ సమితుల కిందికి వెళ్లాయి. బడి ఎక్కువమందికి అందింది గానీ, దాని మంచిచెడ్డలు అడిగే హక్కు ఇంటివాళ్ల చేతిలో లేకుండా పోయింది.

అసలు మలుపు 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షర దీపం. జిల్లా యంత్రాంగం, జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు, వేలాది వాలంటీర్లు కలిసి నడిపిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఇది. పగలు కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రి దీపాల దగ్గర కూర్చున్నారు. వాచకంలోని 'సీతమ్మ కథ' తాగుడు గురించిన పాఠం. అది అక్షరాల దగ్గర ఆగక ఇంటి సంగతుల్లోకి వెళ్లింది. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటి మహిళలు సారాను ఊళ్లోకి రానివ్వలేదు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. ఇది సారా ఉద్యమం, బడి ఉద్యమం కాదు కదా అనే అభ్యంతరం న్యాయమైనదే. ఆ ఉద్యమం వల్లే పిల్లల హాజరు పెరిగిందని నేను అనడం లేదు. పైగా దీన్ని మొదలుపెట్టిందీ ప్రభుత్వమే కదా అనవచ్చు. నిజమే, పలకా బలపం ప్రభుత్వం ఇచ్చింది, కానీ ప్రశ్న ఇవ్వలేదు. సారా అమ్మకంతో అప్పట్లో ఆదాయం పొందిందీ ఆ ప్రభుత్వమే. ఒక్క దూబగుంట పేరే చెప్పడం కూడా తప్పుదారి; మహిళా సంఘాలు, చుట్టుపక్కల ఊళ్లు లేనిదే అది జిల్లా ఉద్యమం అయ్యేది కాదు. ఇన్ని మినహాయింపులు పోగా ఒకటి మిగులుతుంది. చదువు పేరుతో ఒకచోట చేరడం, తమ సమస్యను తామే పేరుపెట్టి చెప్పడం, అధికారిని నిలబెట్టి అడగడం ఈ తల్లులు నేర్చుకున్నారు. తల్లిదండ్రుల కమిటీకి కావలసిన సామర్థ్యం ఇంతకన్నా వేరే ఏముంది? రోజుకో రూపాయి దాచిన పొదుపులక్ష్మి సంఘాల్లోకి ఆ అలవాటు సాగింది. బడిలోకి మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదంటే, 1998 చట్టం బడికి కొత్త కమిటీని కట్టిందే తప్ప అప్పటికే ఊళ్లో ఉన్న సంఘాన్ని ఆధారం చేసుకోలేదు. విద్యాహక్కు చట్టం కొంత నయం: కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలంది. బడి అభివృద్ధి ప్రణాళిక రాసే పని కూడా కమిటీకే ఇచ్చింది. కాగితం మీద ఇది గట్టి అధికారమే. ఆచరణలో తల్లిని సంతకానికి పిలిచారు. బడి భవనాలను బాగుచేసే నాడు-నేడు పథకం పనులు కమిటీల ద్వారా నడిపించడం నిజంగా ముందడుగే. అయితే అది గోడలకూ మరుగుదొడ్లకూ సంబంధించిన అధికారం. అమ్మఒడి, ఆ తర్వాతి తల్లికి వందనం పథకాలు తల్లి ఖాతాలో డబ్బు వేశాయి. వాటి మేలు కాదనను గానీ, లబ్ధిదారు వేరు, భాగస్వామి వేరు.

2024 డిసెంబరు 7న, 2025 జులై 10న జరిగిన మెగా సమావేశాల్లో ముగ్గులు, ఆటలు, మంత్రుల రాకలు బాగానే సాగాయి. పిల్లల ప్రగతి పత్రాలను తల్లిదండ్రుల చేతికివ్వడం మంచి పనే. కానీ వానాధారపు మెట్టలో పనిరోజు జరిగే సమావేశమంటే ఒక రోజు కూలి పోవడం. వలస వెళ్లిన ఇంట్లో వచ్చేది అవ్వో తాతో. ఇంతకన్నా పెద్ద లోటు మరొకటుంది. 2022లో 117 జీవో కింద మూడు, నాలుగు, అయిదు తరగతులను ప్రాథమిక బడి నుంచి తీసి హైస్కూళ్లలో కలిపినప్పుడు రాష్ట్రంలో చాలాచోట్ల తల్లిదండ్రులు రోడ్డెక్కాల్సి వచ్చింది. దాన్ని ఆపే అధికారం వాళ్లు ఎన్నుకున్న కమిటీకి చట్టంలో లేదు. ఆ జీవో తర్వాత రద్దయినా చట్టంలోని లోటు అలాగే ఉంది. అందుకే సమావేశాలు సాయంత్రం పెట్టాలి, పొదుపు సంఘాలను పిలవాలి. బడిని కలిపేముందు కమిటీ తీర్మానం తప్పనిసరి చేస్తూ రాష్ట్రం నిబంధన తేవాలి.